జేసీబీ పూలు ఎవరి నెత్తిన పడ్డయంటే...

ఫోన్ సైలెంట్‌ల పెట్టి చాయ్ తాగుతున్న, ఏమనుకోకుండ్రి. మొన్నటి సంది ఒక్కటే ఫోన్లు, ఒక్కటే పొగుడుడు! "స్రవంతి మేడం, ఏం బుర్ర మేడం మీది!" అని. అసలు ఏం జరిగిందో చెప్తే మీరు పడి పడి నవ్వుతరు. చెప్తున్న గని, బయట ఎవరికన్న చెప్పిన్రో, మీకు నాకు కటీఫ్!

మా ఏజెన్సీ 'ముచ్చట పీఆర్' సంగతి మీకెరికే గద. కరీంనగర్‌ల జిరాక్స్ షాపు మీద ఒక్క అర్ర. అండ్ల నేను, మా మరిది సంపత్. మొదాలు చీరల దుకాణం ఓపెనింగులు చేసినం. తర్వాత ఒక పండ్ల డాక్టర్‌కు పేరు తెచ్చినం, బడులకు అడ్మిషన్లు తెచ్చినం. పేపరోళ్లకు ప్రెస్‌నోట్లు, ఫోన్లల్ల వీడియోలు, చౌరస్తాల ఫ్లెక్సీలు, అన్నీ మేమే. గంత చేసినా మా అత్తకు మాత్రం మా పని ఆనదు. "పీఆర్ ఏందే, మంది డప్పు కొట్టుడే గద!" అంటది.

గట్ల ఉండంగ మాకు దుబాయ్ నర్సన్న దొరికిండు. దుబాయ్‌ల లేబర్ క్యాంపులకు మెస్సులు నడిపి మంచిగ సంపాయించిండు. ఇప్పుడు సుల్తానాబాద్ దాటినంక ఉన్న తన సొంతూర్ల సర్పంచ్‌గ నిలబడుత అంటుండు. "చెల్లె, నేను దిగుడు దిగుడే ఊరు అదిరిపోవాలె" అన్నడు ఫోన్ల. లీడర్ పని మాకు గదే మొదటిది. గది మంచిగైతే మండలంల లీడర్లందరు మా అర్రకే వస్తరు. చెడితే ఇగ చీరల దుకాణపోళ్లు గూడ మా మొఖం చూడరు. కరీంనగర్‌ల ముచ్చట ఎంత జల్ది పాకుతదో మీకు నేను చెప్పాల్నా?

అందుకే దేనికీ తక్కువ చేయలే. ఊర్లెకు వచ్చే తొవ్వల కమాన్ కాడ డప్పులోళ్లు. కరీంనగర్‌కెళ్లి బైకుల మీద యూత్. మంగళహారతులు పట్టుకొని ఊరి ఆడోళ్లు. పైన డ్రోన్. అన్నిటికంటె ముఖ్యం, జేసీబీ! దాని బొచ్చె నిండ బంతిపూలు. ఈ కాలంల జేసీబీల పూలు నెత్తిన పడకపోతే వాడు లీడరే గాదు గద!

ఒక్కటే లోటు. నర్సన్నను నేను ఎన్నడు ఎదురుంగ చూసింది లేదు. ఫ్లెక్సీ మీదనే చూసిన. ఆ ఫ్లెక్సీ గూడ మేం చేసిందే. జుట్టు పెట్టినం, చెంపలు లోపటికి నూకినం, రంగు తేల్చినం. దాన్ని చూసి ఆయన్ను గుర్తువట్టుడు వాళ్లవ్వతోని గూడ కాదు. అందుకే గుర్తు అడిగిన. "తెల్ల కారు చెల్లె, మీద అట్టడబ్బాలు కట్టి ఉంటయ్" అన్నడు. సరే అని రాసుకున్న. మన దిక్కు తెల్ల కారు మీద అట్టడబ్బాలంటే అది ఒక్క మనిషి గుర్తా? గల్ఫ్‌కెళ్లి వచ్చే సగం జిల్లా గుర్తు! గా ముచ్చట నా బుర్రకు అప్పుడు తట్టలే.

సంపత్‌ను సుల్తానాబాద్‌ల నిలబెట్టిన. జరసేపటికి ఫోన్ వచ్చింది.

"వదినా! తెల్ల కారు, మీద డబ్బాలు. వస్తుంది, వస్తుంది!"

"కొట్టుండ్రి!" అన్న. డప్పులు షురూ. కారు కమాన్ కిందికి వచ్చింది. ఎదురుంగ జేసీబీ ఉండేసరికి ఆగింది. అండ్లకెళ్లి మనిషి దిగిండో లేదో, బొచ్చె దబ్బున ఒరిగింది. బంతిపూలన్నీ ఆయన మీదనే! మనిషే కనవడలే. పూలల్లకెళ్లి రెండు చేతులు బయటికొచ్చి దండం పెడుతున్నయ్.

"అమ్మా, నేను గాదు! నేను గాదు!" అంటుండు.

అబ్బ, ఎంత వినయం అనుకున్న. లీడర్లంత గట్లనే అంటరు గద! ఇంకో దండ ఏసినం. "వద్దమ్మా, మీరు ఎవరనుకుంటున్నరో!" అన్నడు. ఇంకోటి ఏసినం. యూత్ "జై నర్సన్న" అని ఒకటే ఒర్లుడు. మనిషి జర నల్లగ, బక్కగ ఉన్నడు. దుబాయ్ ఎండలకు గట్లనే అయితరులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్న.

ఇగ హారతి. ఊరి ఆడోళ్లల్ల ముంగటున్న లచ్చవ్వను పిలిచిన. "అక్కా, బొట్టు పెట్టు" అన్న. ఆమె పళ్లెం పట్టుకొని వచ్చి, బొట్టు పెట్టుటానికి ఆయన నొసలు మీది పూలు పక్కకు జరిపింది. జరిపి, గట్లనే చూసుకుంట నిలబడ్డది. పళ్లెం కింద పడ్డది!

"ఓ లత బాపూ! నువ్వేంది గీడ?"

ఆయన కండ్లు పెద్దగ చేసిండు. "నీకు చెప్పకుంట వద్దామనుకున్ననే! నువ్వు గీ మందినంత ఎందుకు పిలిచినవ్?"

"నేనేడ పిలిచిన? నేను నర్సన్నకు హారతివట్టుటానికి వచ్చిన!"

డప్పులు ఆగినయ్. నా పాణం గూడ ఆగింది. ఆయన రాజేశమట, లచ్చవ్వ పెనిమిటి, లత వాళ్ల బిడ్డ. మస్కట్‌ల మేస్త్రీ పని. నాలుగేండ్ల తర్వాత, పెండ్లానికి గూడ చెప్పకుంట, ఎవ్వరి కంట పడకుంట ఇంటికి పోదామని వస్తుండు పాపం! మేము నెత్తిన జేసీబీడు పూలు పోసినం.

అప్పుడే మళ్ల ఫోన్.

"వదినా... ఇంకో తెల్ల కారు. మీద డబ్బాలు." సంపత్ గొంతు సన్నగైంది. "గీయన నాకు చెయ్యి గూడ ఊపిండు."

జేసీబీ దిక్కు చూసిన. బొచ్చె ఖాళీ! కిందివి ఏరి మళ్ల ఎయ్యనా? ఫోన్ బంద్ చేసి బైక్ మీద కరీంనగర్ ఉరకనా? ఏం తోచలే. కొండగట్టు అంజన్నకు మొక్కేటంతల్నే నర్సన్న కారు వచ్చి ఆగింది. లావుగ, బట్టతలతోని, నల్ల అద్దాలు పెట్టుకొని దిగిండు. మా ఫ్లెక్సీకి ఆయనకు చుట్టరికం గూడ లేదు.

"చెల్లె, నా పూలేడున్నయ్?"

రాజేశం బుగులు పడి మెడల దండలు తీసుకుంట ఉరికొచ్చిండు. "అన్నా, తప్పయ్యింది, గివి మీయే" అన్నడు. లచ్చవ్వ మాత్రం ఆయన అంగీ చెయ్యి ఇడిస్తలేదు. గట్టిగ పట్టుకొని, ఒక్కటే ఏడుపు.

నర్సన్న అద్దాలు తీసిండు. ఇద్దర్ని చూసిండు. నేను తిట్ల కోసం తయారై నిలబడ్డ.

"నేను మొదాలు దుబాయ్‌కెళ్లి వచ్చినప్పుడు గీ కమాన్ కాడ నన్ను ఏమని అడిగినోడు లేడు తమ్మీ" అన్నడు. దండలు మళ్ల రాజేశం మెడల్నే ఏసిండు. వంగి, రోడ్డు మీది పూలు దోసిట్ల ఎత్తి ఆయన నెత్తిన పోసిండు. డప్పులోళ్ల దిక్కు తిరిగి, "ఏం చూస్తున్నరు, కొట్టుండ్రి!" అన్నడు.

అందరు ఏడ్చిన్రు. నేను గూడ ఏడ్చిన. సగం వాళ్లను చూసి, సగం మా ఏజెన్సీ బతికినందుకు!

డ్రోన్ మాత్రం పైన తన పని తాను చేసుకుంట పోయింది. పొద్దుమీకి చూస్తే ఎవరి ఫోన్ల చూసినా గదే వీడియో. 'గల్ఫ్ కార్మికునికి పూలవాన, నర్సన్న పెద్ద మనసు' అని. ఆదిలాబాద్‌ల ఉన్న మా చిన్నమ్మ గూడ నాకే పంపింది, "గిది చూసినవా బిడ్డా, ఎంత మంచిగున్నదో" అని! లచ్చవ్వ మస్కట్ ఖర్జూరాలు పంపింది. మా అత్త గూడ అవి తినుకుంట, "మంచి పనే చేస్తున్నరు" అన్నది. ఫికర్ పురాగ పోయింది, ఆ రాత్రి మంచిగ పండుకున్న.

తెల్లారి నర్సన్న, "గిదంత నీ ప్లానే గద చెల్లె!" అని మెచ్చుకున్నడు. నిజం చెప్దామని నోరు తెరిచిన, పక్కనున్న సంపత్ నా చెయ్యి గిచ్చిండు. ఇగ ఏమంట? "అంత మీ ఆశీర్వాదం అన్నా" అన్న.

ఇయ్యాల పొద్దుగాల మళ్ల ఆయనే ఫోన్ చేసిండు. "చెల్లె, వచ్చే వారం ధర్మపురి కాడ గల్ఫ్ కార్మికుల మీటింగ్ ఉన్నది. మొన్నటసొంటిదే ఇంకోటి ప్లాన్ చెయ్. గని ఏం చేస్తున్నవో నాకు ముందుగాల చెప్పకు. చెప్తే మొఖంల ఆశ్చర్యం రాదు."

"అసలు చెప్పనన్నా!" అన్న.

నాకు ముందుగాల తెలిస్తే గద చెప్పేది!