ఉడత పొడి

మా పిన్ని చోడి పొడి ప్యాకెట్టుకు ఉడత బొమ్మ గీసింది నేనే. నరసన్నపేటలో నాది ఫ్లెక్సీల షాపు. మొలకెత్తిన చోళ్లను, అదే రాగులను, పిన్ని డాబా మీద ఆరబోస్తే చాలు, ఉడతలు దిగేవి. వాటిని కర్రతో తోలుతూనే ఒకరోజు, "దీని బొమ్మే ఎయ్యరా. ఎలాగూ నా సరుకు ముందు తిన్నది ఇదే కదా" అంది. నేను వేశాను. బాబాయి పోయాక ఆ పొడే ఆమెకు బతుకు. చోళ్లు దోరగా వేయించి, శొంఠి కలిపి, మర పట్టించి, ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని ప్యాకెట్లు కట్టించేది. నా పోరు పడలేక ఉడత పేరుకు ట్రేడ్‌మార్కు కూడా తీసుకుంది.

పేరు బాగా పాకింది. కొన్నాళ్లకు మా చుట్టుపక్కల చోడి పొడి అనే మాటే వినపడడం మానేసింది. "పిల్లకి ఉడత పట్టీసినావా?" అని అడిగేవాళ్లు. జ్వరం తగ్గినవాళ్లకు ఉడత కాచి ఇచ్చేవాళ్లు. ఎవరు ఆడించిన పొడైనా ఉడతే. పిన్ని మురిసిపోయేది. బొమ్మ వేసినవాణ్ణి కదా, ఆమెకంటే నేనే ఎక్కువ మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే నా తెలివి తెల్లారింది. కిరాణా షాపులవాళ్లు బోర్డుల కోసం నా దగ్గరికే వస్తారు. ఏం రాయాలో వాళ్లు నిలబడి చెబుతారు, నేను కంప్యూటర్లో కొట్టేస్తాను. "అన్ని రకాల ఉడత అమ్మబడును" అని కొట్టాను. "విడి ఉడత దొరుకును" అని కొట్టాను. మా లైన్లో అందరూ చేసేట్టే, ప్రతి బోర్డుకీ కింద కుడి మూలన నా షాపు పేరూ ఫోన్ నంబరూ వేసుకున్నాను. అన్ని బోర్డులు చేస్తున్నా నాకు ఒక్కసారీ చెయ్యి ఆగలేదు.

ఈ మధ్య విజయనగరం వ్యాపారి ఒకడు తన పొడి ప్యాకెట్ల మీద కూడా ఉడత అని అచ్చేసి, తక్కువ ధరకు వదిలాడు. పిన్ని అమ్మకాలు పడిపోయాయి. ప్యాకెట్లు కట్టే ఇద్దరిలో ఒకామెను మాన్పించాల్సి వచ్చింది. నోటీసు ఇప్పిస్తే, ఉడత అన్నది ఎవరి సొత్తూ కాదు, సరుకు పేరు, ఆ రిజిస్ట్రేషనే కొట్టేయిస్తానని జవాబిచ్చాడు. పిన్నిని బండి మీద ఎక్కించుకుని శ్రీకాకుళంలో వకీలు దగ్గరికి తీసుకెళ్లాను.

వకీలు అవతలివాళ్లు పంపిన ఫొటోలు బల్ల మీద పరిచాడు. "అందరూ ఆ పేరుతో సరుకునే పిలుస్తుంటే, అది మీ ఒక్కరిదే అని నిలబెట్టడం కష్టమమ్మా. వాళ్ల బలమంతా ఈ బోర్డులే" అన్నాడు.

అన్నీ నేను చేసినవే. పిన్ని కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. ఒక ఫొటోలో కింద మూల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. నా నంబరు ఆమెకు నోటికి వచ్చు. నాకు తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చాక, "నన్ను తిట్టు పిన్నీ" అన్నాను.

"తిడితే ఏటొస్తాదిరా? నువ్వు సెయ్యకపోతే ఇంకోడు సేసీవోడు. బండి తియ్యి" అంది.

నాలుగు తగిలించినా బాగుండేది. దారి పొడవునా కిరాణా షాపుల ముందు నా బోర్డులే కనబడ్డాయి. వెనక కూర్చున్న మనిషి కూడా వాటినే చూస్తోందని తెలిసి, అద్దంలో ఆమె ముఖం చూడలేకపోయాను.

ఎండ బాగా ఉందని ముందు మా ఇంటి దగ్గర ఆపాను. నా భార్య ఎదురొచ్చి, "అలిసిపోయొచ్చినారు అత్తా, కూసోండి, ఉడత కలిపి తెస్తాను" అంది. గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

మొదటి గుక్క దగ్గరే పిన్ని ఆగింది. గ్లాసులోంచి శొంఠి వాసన రావడం లేదు. మా వంటింటి డబ్బాలో ఉన్నది ఎవరి పొడో నేను ఏనాడూ చూడలేదు. ఇంట్లోవాళ్లు సందు చివర షాపులో ఉడత ఇమ్మన్నారు, వాడు ఏదో ఇచ్చాడు, నేను రోజూ పొద్దున్నే తాగుతున్నాను. సిగ్గుతో గోడవైపు తిరిగాను.

పిన్ని గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగున్నాదమ్మా" అంది నా భార్యతో. "ఈ ఉడత ఏ షాపులో తెచ్చినావు?"