గ్రహణానికి కత్తిరించిన ఫిలిం

మొన్న మోకాలి నొప్పికి మనవరాలు నన్ను గుంటూరు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. బయటికొచ్చాక ఫిలిం ఏదే అని అడిగితే ఫోను చూపించి, "అంతా ఇందులోకే వచ్చేస్తుంది నాయనమ్మా, పాతవీ ఇందులోనే ఉంటాయి, ఇక పోయేదేం లేదు" అంది. తను మామూలుగానే అంది గానీ నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఆ నల్ల ఫిలింలు చంకలో పెట్టుకుని బస్సెక్కిన నా ఈడువాళ్లకు అవెక్కడ పోతాయోనన్న భయం ఎలాంటిదో తెలుసు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే మనవరాలే ఇది రాస్తోంది.

ఎనభైల మొదట్లో మాట. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో మిరప వేసుకుని బతికేవాళ్లం. మా ఆయనకు మూత్రంలో నెత్తురు పడుతుంటే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం, కాన్సరని చెప్పి ఒక మూత్రపిండం తీసేశారు. తీసేసినా దాని విత్తు ఊపిరితిత్తిలోకి ఎగిరిపడిందని, డాక్టరుగారు ఎక్స్‌రే ఫిలింను దీపం పెట్టె మీద పెట్టి మచ్చ చూపించారు. మూడు నెలలకోసారి ఫొటో తీయాలి, మచ్చ అంతే ఉంటే మందులతో నెట్టుకురావచ్చు, పెరిగితే ఇక తన చేతుల్లో లేదన్నారు. ఆనాటి నుంచి, కల్లంలో ఎండుమిరపకాయలు ఏరుతూ తాలుకాయ మీద తెల్లమచ్చ కనపడినా నా గుండె జారేది.

ఆ కోతల రోజుల్లోనే సూర్యగ్రహణం వచ్చింది. నల్ల ఫిలిం అడ్డం పెట్టుకుంటే కళ్లు పోవని మా తోడికోడలు అంటే, డాక్టరు చూసేసిన ఫిలింతో ఇంకేం పని, దిగిపోయాక బస్సు టిక్కెట్టులాంటిదే గదా అనుకుని, జాకెట్ల కత్తెర తీసి ఆరు ముక్కలు చేసి పంచాను. ఊరంతా తలుపులు బిగించుకుంటే మేం కల్లంలో నిలబడి పట్టపగలే పొద్దు నల్లబడటం చూశాం. మా ఆయనా ఒక ముక్క పుచ్చుకుని, తన ఊపిరితిత్తిలోంచే సూర్యుణ్ణి చూశాడు.

నెల తిరిగాక ఆసుపత్రిలో కొత్త ఫొటో తీశారు. డాక్టరుగారు పాతది అడిగారు. తేలేదన్నాను. "పక్కన పెట్టి కొలవకపోతే పెరిగిందో లేదో ఎలా చెప్పను తల్లీ" అన్నారాయన. మా ఆయనే నా తప్పు తన మీద వేసుకుని, "నేనే ఎక్కడో పెట్టానండీ, వెతికి తెస్తాం" అన్నాడు.

ఇల్లిల్లూ తిరిగాను. ఒకరు కిటికీకి అద్దం బదులు అంటించుకున్నారు, ఇంకొకరు మిరపవిత్తుల డబ్బాకి మూత చేసుకున్నారు. "గ్రహణం విడిచి నెలయ్యాక ఇచ్చింది అడుగుతావేందే, మళ్లీ పట్టిందా ఏంది" అని తోడికోడలు దెప్పింది. విషయం చెప్పాక ఏడ్చి, తనూ నాతో తిరిగింది. పొద్దు వాలేసరికి అయిదు దొరికాయి. చాపమీద పేర్చి చూస్తే ఎడమవైపు పైముక్క లేదు. అది మా ఆయన పుచ్చుకున్నది. అడిగితే చేలో ఎక్కడో పడిపోయిందన్నాడు.

నేను తల పట్టుకుని కూర్చుంటే చూడలేక, కాసేపటికి తలగుడ్డ విప్పి మడతలోంచి ముక్క తీశాడు. "గ్రహణం నాడే ఇందులో మచ్చ కనపడిందే. అప్పట్నుంచీ దాచా. ఇది లేకపోతే పెరిగిందని ఎవడూ చెప్పలేడు గదా" అన్నాడు. పొయ్యి మండుతోంది, ముక్క నా చేతిలో ఉంది. దాన్ని పొయ్యిలో వేసేద్దామని నాకూ బుద్ధి పుట్టింది, ఇప్పుడు ఆ మాట దాచి ఏం లాభం. చివరికి ఆయనే దబ్బనం తెచ్చి, "కుట్టవే" అన్నాడు. బస్తాలు కుట్టినట్టు ఆరింటినీ కలిపి కుట్టాను, మచ్చలో బెజ్జం పడకుండా.

డాక్టరుగారు దాన్ని కొత్త ఫిలిం పక్కన పెట్టి స్కేలు తీసేలోపే, అక్షరం రానిదాన్ని, నేను చదివేశాను. పాతది కందిగింజ, కొత్తది రేగుపండు. మరుసటి కోతకు ఆయన లేడు.

ఇప్పుడు ఎవరి కత్తెరా అందని చోట ఫొటోలు దాస్తున్నారు, మంచిదే, నాలాంటి వాళ్ల చేతులకు ఆ భయం తప్పింది. కానీ ఆ మచ్చను తలగుడ్డలో చుట్టుకుని, కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ, ఇంకా ఏమీ కాలేదని ఆయన ఒక నెల బతికాడు. ఆ నెల ఆయనకు నా తెలివితక్కువతనం వల్లే దొరికింది. ఇప్పటివాళ్లకు అదీ లేదు.