గోడ లేని నీళ్లు

ఆ సరస్సు గడ్డకట్టినప్పుడు ఎలా ఉంటుందో ఫొటోల్లో తప్ప నేను చూడలేదు. మేమున్న లాడ్జీ గోడల నిండా ఆ ఫొటోలే. చలికాలంలో హిమాచల్ కొండల మధ్య ఆ నీళ్లు తెల్లటి పలకలా మారతాయి. జనం అడుగున ఇనుప అంచులున్న బూట్లు తొడుక్కుని వాటి మీద జారతారు, ఒడ్డున ఉన్న వాలు మీద స్కీయింగ్ చేస్తారు. ఆ ఊరికి పేరొచ్చింది అందుకే. నేను వెళ్లింది మాత్రం ఎండాకాలంలో. స్కీయింగ్ చేసేవాళ్లను వాలు పైకి చేర్చే రోప్‌వేకి బేరింగులు మార్చాలి. మంచు లేని నెలల్లోనే ఆ పని కుదురుతుంది.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. రేణిగుంటలో ఒక చిన్న కంపెనీలో పని. ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో కన్వేయర్ల పుల్లీలు, బేరింగులు చూస్తాం. రోప్‌వే కూడా ఒక రకంగా కొండెక్కే కన్వేయరే కాబట్టి ఆ పని మాకు వచ్చింది. ఏది చూసినా మనసులో వరస పెట్టుకోవడం నా అలవాటు. రోప్‌వే స్తంభం మీది నుంచి చూస్తే సరస్సు దగ్గర ఎండాకాలపు వరస ఇలా ఉండేది: తొక్కుడు బోట్లు, తెడ్ల పడవలు, ఒక్కరే కూర్చుని నడుపుకునే సన్నటి కయాక్‌లు, నీళ్ల మీదుగా తీగకు వేలాడుతూ పోయే జిప్‌లైన్, గుర్రాలు, టెంట్లు, నిప్పుల మీద కాల్చే మొక్కజొన్న కండెలు. వీటన్నిటి మధ్య అక్కడక్కడా నారింజ రంగు చుక్కలు. అవి రక్షణ పనివాళ్ల జాకెట్లు.

ఆ జాకెట్టు కోసమే మా పిన్నమ్మ కొడుకు నాతో వచ్చాడు. చిత్తూరు దగ్గర మా పల్లెలో మేమిద్దరం ఒకే వీధిలో పెరిగాం. వాడు ఇంటర్ అయ్యాక నాయుడుపేట దగ్గర ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు వేసే పనిలో చేరాడు, ఏడాది తిరగకుండానే మానేసి ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి వాళ్ల నాయన వాడితో మాట్లాడటం లేదు. సరస్సు దగ్గర ఈత వచ్చిన మనుషులు కావాలని తెలిసి నేనే అక్కడివాళ్లకు వాడి సంగతి చెప్పాను. ఎండాకాలం నీళ్ల మీద బాగా పనిచేసినవాళ్లను చలికాలం మంచు మీద పనికి ఉంచుకుంటారు. వాడిని అంత దూరం లాక్కొచ్చింది ఆ మంచు మీది పనే.

వచ్చిన రోజు సాయంత్రం పడవల రేవు చెక్కల మీద కూర్చుని నీళ్లకేసి చూస్తూ అడిగాడు.

"జనవరికంతా దీని మీద నడవొచ్చంట గదన్నా?"

"అంటాండారు."

"నేను నడుస్తా. నడిమధ్యలో నిలబడి ఫొటో తీసి మా నాయనకి పంపిస్తా. మాట్లాడకపోతే పోనీ. సూస్తాడు గదా."

బోట్ల దగ్గర పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. సైన్యంలో చేసి వచ్చారు. అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. ఆయన హిందీలో తక్కువ మాటలు మాట్లాడితే నేను వాటిని తెలుగు చేసేవాణ్ణి. పనిలో చేర్చుకునే ముందు ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే. రేవు నుంచి నీళ్లలో తేలే ఎర్ర డ్రమ్ము దాకా జాకెట్టు లేకుండా ఈదాలి, దాన్ని చుట్టి వెనక్కి రావాలి. పక్కన పడవ వస్తుంది. పడవ మీద చెయ్యి పడితే పరీక్ష అక్కడితో సరి.

పిన్నమ్మకు ఫోన్లో చెబితే నవ్వింది. "ఈతకి పరీక్షేందిరా? వాడు బాయిలో దూకతాంటే ఊరంతా గట్టు మీద చేరేది. ఆయప్పకి ఆ మాట చెప్పు, చాలు."

ఆమె చెప్పింది నిజమే. మాది రాతికట్టు బావి, నలుచదరంగా, లోతుగా ఉంటుంది. బోర్లు వచ్చాక సేద్యానికి దాని అవసరం తీరిపోయింది, ఈతకే మిగిలింది. వీపుకు బెండ్లు కట్టుకుని అందులోనే ఇద్దరం నేర్చుకున్నాం. వాడు మోటారు షెడ్డు పైకప్పు మీద నుంచి దూకి, అడుగుకు పోయి, పిడికిట్లో బురద పట్టుకొచ్చి అందరికీ చూపించేవాడు. ఊళ్లో వాడికి సాటి లేడు.

పరీక్ష రోజు ఎండ బాగా కాసింది. నీళ్లు మాత్రం పై కొండల మంచు కరిగి దిగినవి. ముందు ఒళ్లు తడుపుకోమని ఉస్తాద్ అంటే వాడు ఛాతీ మీద నీళ్లు చల్లుకుని, రేవు చివరి నుంచి ఎగిరి దూకాడు. తొక్కుడు బోట్లలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మాటలు అందించడానికి నన్ను పడవలో కూర్చోబెట్టుకుని ఉస్తాద్ తెడ్లు వేశారు.

మొదట బాగానే సాగింది. తల పైకెత్తి, నీళ్లు చిమ్ముతూ, గట్టిగా బారలు వేస్తూ పోయాడు. "ఎందుకంత తొందర?" అన్నారు ఉస్తాద్. ఆ మాట నేను వాడికి చెప్పలేదు. కాసేపటికి వాడి తల మాటిమాటికీ ఎడమ పక్కకు తిరగడం మొదలైంది, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు. ఏం వెతుకుతున్నాడో నాకు వాడికంటే ముందు అర్థమైంది.

మా బావిలో ఎంత గొప్ప ఈతగాడైనా ఈదేది ఈ గోడ నుంచి ఆ గోడకు. నాలుగైదు బారలు వేస్తే చేతికి రాయి తగులుతుంది. గుండ్రంగా తిరిగినా ఒక పక్క గోడ ఉండనే ఉంటుంది. అలసిపోతే పట్టుకోవడానికి మెట్టు ఉంటుంది. లోతు మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దూరం ఎప్పుడూ తెలియదు. వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

"అన్నా, ఇంగెంతుండాది?"

"సగం. డ్రమ్ము తట్టు సూడు. నా తట్టు సూడొద్దు."

"లోతెంత ఈడ?"

"లోతుతో నీకేం పనిరా?"

వాడి కాళ్లు కిందికి దిగిపోయాయి. నిలువునా ఒకే చోట కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఉస్తాద్ తెడ్లు ఆపి, "చెయ్యి పడితే అయిపోయినట్టేనని గుర్తు చెయ్యి" అన్నారు. వాడికి గుర్తుంది. పడవ అంచుకు జానెడు దూరంలో రెండు చేతులూ నీళ్లను తోస్తున్నాయి తప్ప అంచు మీద పడటం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఒకసారి నోట్లోకి నీళ్లు పోయి దగ్గాడు. తర్వాత రెండు చేతులూ పడవ మీద వేసి, తల వాల్చేశాడు.

రేవు మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టాక ఉస్తాద్ నాతో అన్నారు. "ఈదడం వచ్చు. నీళ్లలో ఆగడం రాదు." బడులకు సెలవులిచ్చి జనం పెరిగేలోపు ఇంకొక్కసారి చూస్తానన్నారు. అప్పుడూ కాకపోతే కింది ఊరి నుంచి వేరే మనిషిని తీసుకుంటారు.

టీ కొట్టు దగ్గర వాడు వేడి గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చేతులు కాచుకున్నాడు.

"నేను పోతాలే అన్నా. గోదాములో నీళ్లుండవు."

"టేపుంటాది."

"గమ్మునుండప్పా."

"ఎడమ పక్క ఏం సూస్తాన్నావు, నీళ్లలో?"

"గోడ," అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

రోజూ నా పని అయ్యాక మొదలుపెట్టాం. ఉస్తాద్ ఒక పాత పడవ ఇచ్చారు. నడుముకు తాడు కట్టి, దాని కొసన జాకెట్టు తేలేట్టు పెట్టుకుంటేనే నీళ్లలో దిగాలని, రేవు మీద తన మనిషి ఒకడు ఉన్నప్పుడే దిగాలని షరతు పెట్టారు. నాకు తోచిన పద్ధతి ఒకటే. వాడికి గోడ కావాలి కాబట్టి పడవే గోడ. మొదటి సాయంత్రం వాడి ఎడమ చేతికి ఆనుకున్నట్టే పడవ నడిపాను. మర్నాడు కాస్త ఎడంగా. ఆ తర్వాత ఇంకాస్త. బేరింగుకీ ఇరుసుకీ మధ్య సందు చూసినట్టు వాడికీ పడవకీ మధ్య నీళ్లు చూసుకుంటూ తెడ్డు వేశాను. ఒక్కసారిగా దూరం పెంచితే తల మళ్లీ ఎడమకు తిరిగేది. అప్పుడు దగ్గరికి తెచ్చేవాణ్ణి.

దూరం కొంత అలవాటైంది. ఆగడమే రాలేదు. ఉస్తాద్ ఒకసారి నీళ్లలోకి దిగి, నులకమంచం మీద వాలినట్టు వెల్లకిలా పడుకుని చూపించారు. చెవులు మునగాలి, గడ్డం పైకి లేవాలి, కాళ్లు వాటంతటవే తేలతాయి. మావాడు పడుకోబోతే నడుము వంగిపోయి మునిగేవాడు.

"ఏమైందిరా?"

"పైన గట్టు లేదు గదన్నా. యాడికో జారిపోతాండట్టుండాది."

అది నాకు తెలుసు. మా బావిలో నుంచి పైకి చూస్తే ఆకాశం నాలుగు అంచుల మధ్య కోసి పెట్టినట్టుంటుంది. ఇక్కడ దానికి అంచు లేదు.

"కండ్లు మూసుకో."

"మూసుకుంటే ఇంగా జాస్తిగుండాది."

రెండో పరీక్షకు ముందు సాయంత్రం కూడా వాడి కాళ్లు తేలలేదు. ఒడ్డుకొచ్చి ఒళ్లు తుడుచుకుంటూ, "రేపు ఆగకుండా వచ్చేస్తా. ఆగితేనే గదా ఈ బాధంతా," అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఉదయమంతా పర్యాటకుల రద్దీ ఉండటంతో పరీక్ష మధ్యాహ్నానికి జరిగింది. ఆ సరస్సు మీద మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. నీళ్ల మీద చిన్న చిన్న మడతలు పడుతున్నాయి. నేను పడవ ఎక్కబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టారు. "మీరు ఇక్కడే ఉండండి." వాడు నీళ్లలో దిగాక చూస్తే ఆయన పడవ వాడి కుడి పక్కన ఉంది.

ఎడమ పక్క ఏమీ లేదు. సరస్సంతా ఉంది.

నేను చేయగలిగినవి వరస పెట్టుకున్నాను. అరవడం. రేవు మీదున్న తాడు విసరడం, అది పట్టుమని పది గజాలు పోదు. మూడోది దొరకలేదు. వాడు డ్రమ్ము దాకా నిదానంగానే పోయాడు. చుట్టి తిరిగాడు. ఇప్పుడు గాలి ఎదురు. ఒక్కో అల మొహం మీద కొట్టినప్పుడల్లా తల పక్కకు పోతోంది. రేవుకూ డ్రమ్ముకూ మధ్య ఎక్కడో బారలు ఆగిపోయాయి.

తల మునిగింది. లేచింది. మళ్లీ మునిగింది. ఉస్తాద్ తెడ్లు పైకెత్తి పట్టుకుని, ముందుకు వంగి, కదలకుండా చూస్తున్నారు. తొక్కుడు బోటులో ఒక కుటుంబం పాటలు పెట్టుకుని వాళ్ల పక్కగా పోయింది.

"చెయ్యి వెయ్‌రా," అన్నాను. వాడికి వినపడేంత దూరం కాదు. "పోతే పోనీ పని. చెయ్యి వెయ్." కండెలు కాల్చే మనిషి నా వైపు తిరిగి చూశాడు.

వాడి తల మూడోసారి లేచింది. ఈసారి ముందుకు రాలేదు. వెనక్కి వాలింది. గడ్డం ఒక్కటే పైకి కనపడింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పడవ నీడలో నల్లటి నీళ్లు తప్ప. అప్పుడు రెండు కాలి బొటనవేళ్లు నీళ్ల మీదికి వచ్చాయి.

నా చేతిలో తాడు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అరచేయి మీద దాని మెలికలు అచ్చుపడి ఉన్నాయి.

వాడు అలా ఎంతసేపు పడుకున్నాడో నేను లెక్కపెట్టలేదు. తిరగబడి మళ్లీ బారలు వేసినప్పుడు అందులో వేగం లేదు, అందం లేదు. మధ్యలో ఇంకోసారి పడుకున్నాడు. రేవు చెక్క మీద చెయ్యి పడ్డాక కూడా పైకెక్కలేక అలాగే వేలాడాడు. నేనూ ఇంకొకాయనా కలిసి లాగాం. వాంతి చేసుకున్నాడు. దుప్పటి కప్పితే పళ్లు టకటకలాడుతున్నాయి.

"నడిమధ్యలో ఏం జేసినావురా?"

"ఏం లేదు. పండుకున్నా."

"మునిగిపోయినావనుకున్యా."

"నేనూ అట్లే అనుకున్యా. ఎట్లాగూ మునిగిపోతాండాం గదా, ఒకతూరి పండుకుని సూస్తామని."

"కండ్లు తెరుచుకునేనా?"

"మూసుకున్యా. జాస్తిగానే ఉండె. అయినా పండుకున్యా."

ఉస్తాద్ పడవ కట్టేసి వచ్చి, నారింజ జాకెట్టు ఒకటి వాడి ఒళ్లో వేశారు. ఇక మీదట అది లేకుండా నీళ్ల దగ్గర కనిపిస్తే ఇంటికి పంపిస్తానన్నారు. నేను తెలుగు చేయబోతే వాడు తల ఊపాడు, అర్థమైందన్నట్టు.

నా పని ఇంకొన్ని వారాలు సాగింది. స్తంభం మీది నుంచి చూస్తే కింద నారింజ చుక్కల్లో మావాడు ఏదో తెలిసేది కాదు. గాలి లేచినప్పుడల్లా స్పానర్ ఆపి, చుక్కలన్నీ ఉన్నాయా లేవా అని చూసుకునేవాణ్ణి. కింద ఎవరో ఒకరు కేకేసేదాకా బోల్టు బిగించకుండానే ఉండేది. పని ముగించుకుని నేను రేణిగుంట వచ్చేశాను. వాడు అక్కడే ఉండిపోయాడు.

జనవరిలో ఫొటో వచ్చింది. చుట్టూ తెలుపు. మధ్యలో కోటులో కూరుకుపోయి వాడు. పక్కనే మంచులో ఇరుక్కుని సగం కనపడుతున్న ఎర్ర డ్రమ్ము. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"మా నాయనకీ పంపించినా అన్నా. ఫోన్ జేసినాడు."

"మాట్లాడినాడా?"

"మాట్లాడినాడు."

"ఏమన్నాడు?"

"దాని కింద లోతెంత అన్నాడు."

"నువ్వేం చెప్పినావు?"

"తెల్దు నాయనా, ఈడ అడుక్కి యెవురూ పోరు అని చెప్పినా."