బాబాయి టీకెళ్ళిన సాయంత్రం

ఆ రోజుల్లో, అంటే ఫార్మసీ పట్టా చేతికొచ్చిన కొత్తలో, తెల్లకోటు తొడుక్కుంటే చాలు, సగం డాక్టరైపోయినట్టేనని గట్టి నమ్మకం నాకు. పటమటలో బాబాయి మందుల షాపులో చేరాను. బాబాయీ ఫార్మసిస్టే గానీ, చీటీ మీద డాక్టరు సంతకంతో పాటు దేవుడి సంతకం కూడా ఉండాలనే రకం. ముఖ్యంగా నెలసరి వాయిదా వేసే బిళ్ళలు ససేమిరా ఇవ్వడు. (గ్యాస్ బిళ్ళల విషయంలో దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.)

ఓ సాయంత్రం మైలవరం నుంచి పెళ్ళిచీరల కోసం వచ్చిన ఒక మామ్మగారు, పెళ్ళికూతురైన మనవరాలితో మా షాపుకొచ్చి, సరిగ్గా ఆ బిళ్ళల చీటీయే ఇచ్చారు. నేను అరలోంచి తీసి ఇచ్చేలోపే బాబాయి అడ్డుపడ్డాడు.

"ఇవి మేం ఇవ్వమండీ. దేవుడు పెట్టిన క్రమాన్ని బిళ్ళలతో మార్చడం పాపం."

"అంటుతో పిల్ల పీటల మీద కూర్చుంటే, అది పాపం కాదా నాయనా?"

"అయితే ముహూర్తం మార్పించుకోండి."

"పంతులుగారు ముహూర్తం మార్చనంటారు, నువ్వు బిళ్ళలివ్వనంటావు. ఇద్దరూ దేవుడి మనుషులే! మధ్యలో పిల్లేం చెయ్యాలయ్యా?"

దగ్గుమందు కోసం నిలబడ్డాయన ఏదో శాస్త్రం చెప్పబోయాడు. మామ్మగారు చూసిన చూపుకి ఆయన దగ్గు మందు లేకుండానే ఆగిపోయింది. నేనేమో బిళ్ళల అట్ట పట్టుకుని, ఇవ్వలేక, లోపల పెట్టలేక నిలబడ్డాను. అంతలో ఆ అమ్మాయి ముందుకొచ్చింది.

"మామ్మా, నువ్వాగు. అంకుల్, పాపం పుణ్యం సంగతి నాకు తెలీదండీ. మొదటి రోజు నొప్పికి నేను నిలబడలేను. కిందటి నెల ఆఫీసులో కళ్ళు తిరిగి పడిపోయా. నా పెళ్ళన్నా నేను కళ్ళారా చూసుకుందామని డాక్టరుగారిని అడిగి రాయించుకున్నా."

బాబాయి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, నాతో, "అమ్మాయ్, నేను టీ తాగొస్తా. షాపు చూస్కో" అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. (బయట మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి!) నేను బిళ్ళలిచ్చి, డాక్టరు రాసినట్టే ఎలా వాడాలో రెండుసార్లు చెప్పి పంపాను. బాబాయి తిరిగొచ్చి ఒక్కటే అడిగాడు.

"ఎలా వాడాలో సరిగ్గా చెప్పావా?"

"చెప్పా బాబాయ్."

ఇంటికెళ్ళి, లోకాన్నే మార్చేసినట్టు అమ్మ దగ్గర నేను కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఆ కౌంటరు వెనక నేనే కూర్చుంటున్నాను. బిళ్ళలివ్వడం ఏపాటి పని? ఆ కుర్చీలోంచి లేవడానికి బాబాయి ఎంత కష్టపడి ఉంటాడో అప్పుడే ఎవరైనా నాకు చెప్పి ఉంటే బావుణ్ణనిపిస్తుంది. చెప్పినా వినేదాన్ని కాదనుకోండి.