చిటికెన వేలి లెక్క

అనంతరామ్ ఉన్నన్నాళ్లూ ఈ కథ తనే చెప్పేవాడు. ఎవరి ఇంట్లో భోజనానికి కూర్చున్నా సరే, పెరుగన్నం దగ్గర ఆపి, చెయ్యి కడుక్కొచ్చి, వేళ్లు చూపించి మరీ చెప్పేవాడు. ఇప్పుడు తను లేడు గనక ఉన్నవాళ్లమే చెప్పుకోవాలి.

ఊరు తెనాలి. కాపురం మాత్రం విదేశంలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో. అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఏ కొత్త యంత్రం వచ్చినా అనంతరామ్ పరీక్షించి సంతకం పెడితే గాని దాని మీద ఒక్క మాత్ర తయారవడానికి వీల్లేదు. ఆ జబ్బు ఇంటికీ పాకింది. కొత్త కుక్కర్ కొంటే మొదట ఉత్త నీళ్లతో విజిల్ రావాలి, తర్వాత పిడికెడు బియ్యంతో రావాలి, అప్పుడు గాని పప్పుకి యోగం లేదు. భార్య వసుంధర లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు ముగించుకుని ఆకలితో ఇంటికొచ్చేసరికి కుక్కర్ ఇంకా నీళ్ల దశలోనే ఉండేది.

అలాంటి మనిషి చేతికి పియానో టీచరు ఒక సంచీ ఇచ్చింది. అందులో చిన్నపిల్లలకి పియానో నేర్పే పుస్తకాలు ఐదు.

టీచరు పేరు బ్రీదా డెవ్లిన్. ఆవిడ దగ్గర సీటు దొరకడమంటే మాటలు కాదు. అనంతరామ్ కూతురు ఆమనికి ఏడేళ్లు. రెండేళ్ల నుంచి ఆవిడ పిలుపు కోసం చూస్తున్నారు. ఎట్టకేలకి పిలిచి ఆవిడ చెప్పింది ఇంతే: "ఇవన్నీ మంచివే. పాపకి ఏది నచ్చితే అది తీసుకుని, అక్టోబరు సెలవులకి ముందు శనివారం రండి. ఆరోజు రాకపోతే సీటు వేరే పిల్లకి వెళ్లిపోతుంది. ఒక్క మాట, ఈలోగా ఇంట్లో ఏమీ నేర్పకండి. రాని పిల్లకి నేర్పగలను. తప్పు నేర్చుకొచ్చిన పిల్లతో నావల్ల కాదు."

మొదటి మాట, చివరి మాట, రెండూ అనంతరామ్ చెవికి ఎక్కలేదు.

"పాపకి నచ్చడమేంటి వసూ? మందు రంగు బావుందని రోగి ఎంచుకుంటాడా?" అన్నాడు.

"ఆవిడ ఎంచుకోమంది మందు కాదండీ, పుస్తకం."

"పరీక్ష లేకుండా ఏదీ పిల్ల చేతికి ఇవ్వను."

సెకండ్‌హ్యాండ్ కీబోర్డు ఒకటి తెచ్చి, దానికి స్టాండు లేకపోతే ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఆ నెలంతా వసుంధర నలిగిన చొక్కాలతోనే ఆఫీసుకి లువాస్ ట్రాము ఎక్కింది.

ఐదు పుస్తకాలకీ ఖాకీ అట్టలు వేశాడు. అసలు అట్టల మీద ఒకదానికి ముళ్లపంది, ఒకదానికి రైలు, ఒకదానికి జోకరు, ఒకదానికి చందమామ మీద ఆవు. ఐదోది బాగా లావుది, దాని మీద బొమ్మే లేదు. అట్టలు వేయడం ముగిశాక, మనవాళ్లందరం చదువుకున్న పద్ధతిలోనే, మొదటి పేజీలు వదిలేసి పాఠంలోకి దూకాడు. ముందుమాటలోంచి పరీక్షలో ఏ ప్రశ్న అయినా వచ్చిందా ఏనాడైనా?

మొదటి పాఠాల్లో స్వరాల కింద అంకెలున్నాయి. ఒకటి, రెండు, మూడు, అలా ఐదు దాకా. అవి వేళ్లని అనంతరామ్‌కి వెంటనే తెలిసిపోయింది. తెలివైనవాడే. కుడిచెయ్యి కీబోర్డు మీద పరిచి, చిటికెన వేలిని ఒకటి చేసుకున్నాడు.

పక్కన నిలబడ్డ ఆమని బొటనవేలు ఎత్తి చూపించింది. "డాడీ, స్కూల్లో మేం దిస్ వన్ ఫస్ట్ కౌంట్ చేస్తాం."

"స్కూల్లో స్కూలు లెక్క. మనం ఎప్పుడూ చిటికెన వేలితోనే మొదలుపెడతాం తల్లీ. కావాలంటే అమ్మనడుగు."

వసుంధర చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం నేర్చుకుంది. వంటింట్లోంచే ఆదితాళం వేసి చూసుకుంది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. "మీ డాడీ చెప్పింది నిజమేనే," అంది. శాస్త్రం కూడా కలిసొచ్చాక ఇక తిరుగేముంది?

ముళ్లపంది పుస్తకంలో 'ఎండొచ్చింది' అనే పాట ఆ అంకెల ప్రకారమే వాయించాడు. పైకి వెళ్లాల్సిన చోట పాట కిందికి దిగింది. చివరికొచ్చేసరికి ఇల్లు చేరకుండా వీధి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఎండొచ్చినట్టు లేదే. ఎవరో పోయినట్టుంది," అన్నాడు. రైలు పుస్తకం తీశాడు. రైలు స్టేషను చేరలేదు. జోకరు ఏడిపించాడు. ఆవు సంగతి చెప్పనక్కర్లేదు.

"ఇంత పేరున్న పుస్తకాలు ఇలా ఎలా రాస్తారు వసూ? ఒక్క పాటా ముగియదు."

"మీరు వాయించడం ఆపితే ముగుస్తుంది."

అక్కడి ఇళ్లకి మధ్యగోడ ఒకటే, అదీ పలచన. పక్కింటి డెక్లన్ నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు సాయంత్రం ఆపిల్ టార్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీసి అనంతరామ్ చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు. అది అక్కడ చావింట్లో చెప్పే మాట. అనంతరామ్ ఆ మాట అంతకుముందు వినలేదు. పుస్తకాలు ఎంచుకోవడంలో తన కష్టం ఊరికి కూడా తెలిసిపోయిందని కరిగిపోయాడు.

"చాలా ట్రబుల్, డెక్లన్. నాలుగు పోయాయి. ఇంక ఒక్కటే మిగిలింది."

డెక్లన్ మొహం తెల్లబోయింది. మర్నాడు ఇంకో టార్టు వచ్చింది, ఈసారి పెద్దది.

ఆ మిగిలిన ఒక్కటీ బొమ్మలేని లావు పుస్తకం. అందులో 'గబ్బిలం' అనే పాటని, రాసినాయన కావాలనే చివర్లో పైన వేలాడదీసి వదిలేశాడు. చిటికెన వేలి లెక్కలో అది తలకిందులై చక్కగా ఇల్లు చేరింది. అనంతరామ్ కళ్లు చెమర్చాయి. ఇదే పుస్తకం అన్నాడు. అన్నాక ఊరుకోలేదు, శనివారానికి పిల్ల ఊరికే వెళ్తే ఏం బావుంటుందని 'గబ్బిలం' ఆమనికి బట్టీ పట్టించాడు.

శనివారం ఐదు పుస్తకాల సంచీతో వెళ్లారు. డెవ్లిన్ ఇంట్లో ఆమని తడబడకుండా వాయించింది. టీచరు పాట వినలేదు, వేళ్లే చూసింది.

"ఒకటో వేలు ఏది పాపా?"

ఆమని చిటికెన వేలు ఎత్తింది. టీచరు తండ్రి వైపు తిరిగింది. ఆయన కూడా, ఎందుకో, తనదీ ఎత్తాడు.

ఆవిడ లావు పుస్తకం తీసుకుని, మొదటి పేజీలు తిప్పి, అరచెయ్యి బొమ్మ చూపించింది. బొటనవేలి మీద ఒకటి అని ఉంది. ఐదు పుస్తకాల్లోనూ ఉంది. చందమామ మీది ఆవు పుస్తకంలోనైతే ఆ బొమ్మకి పేజీ మొత్తం ఇచ్చారు.

రెండేళ్లు ఎదురుచూసిన సీటు కళ్లముందే పోతోంది. అప్పుడు అనంతరామ్ తనకి చేతనైన ఒకే ఒక్క పని చేశాడు. ఫ్యాక్టరీలో బ్యాచి చెడితే పైవాళ్ల ముందు నిలబడి చెప్పే పద్ధతిలో నిటారుగా నిలబడి, "లోపానికి మూలకారణం నేను," అన్నాడు. "పాప మొదటిరోజే అభ్యంతరం చెప్పింది. నేను కొట్టేశాను. ముందుమాట చదవలేదు. మీరు నేర్పొద్దన్నారు, నేర్పాను. పాప తప్పేమీ లేదు. కావాలంటే సీటు నాది తీసెయ్యండి."

"మీకు సీటెప్పుడిచ్చాను?" అంది డెవ్లిన్. ఆమని దగ్గర వంగి అడిగింది. "బొటనవేలని నీకు ముందే తెలుసా?"

"యా."

"మరి ఎందుకిలా వాయించావు?"

ఆమని తండ్రిని ఒకసారి చూసింది. "హీ వాస్ హ్యావింగ్ గ్రేట్ క్రాక్," అంది. నాన్న తెగ సరదాపడిపోతున్నాడు, ఎందుకు పాడుచెయ్యాలి అన్నట్టు.

డెవ్లిన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తుడవడానికి చాలాసేపే పట్టింది. "తెలిసిన పిల్లే అయితే తప్పు మాన్పించాల్సిన పని లేదు," అని సీటు ఖాయం చేసింది. "నాన్నగారు మాత్రం కీబోర్డుకి దూరంగా ఉండాలి. ఇప్పుడు చెప్పు పాపా, నీకేది కావాలి?"

ఆమని ఖాకీ అట్టలు ఒక్కొక్కటే విప్పి, ముళ్లపందిని చూడగానే ఆగిపోయింది. మిగతావాటి వంక చూడనుకూడా లేదు.

టీచరు ఆ పుస్తకంలోంచి 'ఎండొచ్చింది' తీసి బొటనవేలితో మొదలుపెట్టి వాయించింది. పాట పైకెళ్లింది, తిరిగింది, దిగి ఇల్లు చేరింది. అనంతరామ్ కోటు జిప్పు పెట్టుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"మేడమ్, మీకు అభ్యంతరం లేకపోతే ఆ రైలుది కూడా ఒక్కసారి," అన్నాడు.

"మిస్టర్ అనంతరామ్, బయట ఇంకో పిల్ల కూర్చుంది."

"కూర్చోనివ్వండి. తనూ వింటుంది."