దేవుడి రంపానికి ప్రీమియం పెట్రోలు

క్రిస్మస్‌కు మా చర్చిలో సరుగుడు చెట్టు కోసి తెచ్చి నిలబెట్టే పని నాది. అందుకే సంఘం కొన్న పెట్రోలు రంపం యాప్రాల్‌లో మా ఇంట్లోనే ఉండేది. ఏడాదికోసారి బయటికి తీసే ఆ రంపాన్ని నేను చేసిన గారాబం అంతా ఇంతా కాదు. దేవుడి పనికి వాడేదానికి సాదా పెట్రోలా! ఆక్టేన్ ఎక్కువైతే బలం ఎక్కువని నాకు నేనే తీర్మానించుకుని, ప్రీమియం పెట్రోలు తెచ్చి, ఆయిలు కలిపి పోసేవాణ్ణి. ఖరీదైనది కాబట్టి చెడిపోదని కూడా నమ్మాను. పండగ అయ్యాక మిగిలింది ట్యాంకులో అలాగే వదిలేసేవాణ్ణి. ఏం తెలివి, నా మొహం!

ఆ మే నెలలో గాలివానకు మా గల్లీ మొదట్లో ఉన్న తురాయి చెట్టు అడ్డంగా కూలింది. రెండు వైపులా ప్రహరీలు, మధ్యలో గోడ ఎత్తున కొమ్మలు. గల్లీకి ఇంకో దారి లేదు. ఆ పొద్దున నా భార్యకు డయాలసిస్ ఉంది. అప్పటికే ఒకసారి తప్పింది. కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక, ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. కంగారు పడకు, పది నిమిషాల్లో దారి చేస్తానని రంపం తీశాను.

తాడు లాగాను. మళ్ళీ లాగాను. భుజం పట్టేసింది గానీ అది దగ్గనైనా దగ్గలేదు.

ఎదురింటాయన స్కూటర్ మెకానిక్. మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. "ఏందీ సార్, క్రిస్మస్ల పోసిన పెట్రోలా? జిగురయిపోయింది. గీ చిన్న ఇంజన్‌కు ఆక్టేన్‌తోని పనే లేదు. సాదాదే చాలు, గని తాజాగుండాలె. నా స్కూటర్ల నిన్ననే పోయించిన, ఆయిల్ సుత కలిపే ఉంది. పైపు పెట్టి గుంజుతా, ఆగుండ్రి."

ఆ మాట విని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "నీ డొక్కు స్కూటర్ పెట్రోలు చర్చి రంపానికి పోస్తావా? ఇంజన్ పాడైతే సంఘానికి ఎవడు జవాబు చెప్తాడు?" అని కసిరాను. ఆయన మూత బిగించి రంపం పక్కన పెట్టాడు. నేను డబ్బా పట్టుకుని కొమ్మల కింద పాక్కుంటూ రోడ్డెక్కాను.

దగ్గరి బంకులో సాదా పెట్రోలే ఉందన్నారు. వద్దన్నాను! ఆటో ఎక్కి ఏ.ఎస్. రావు నగర్ పోయాను. అక్కడ కరెంటు లేక బంకు మూసేశారు. తెరుస్తారేమోనని పిచ్చివాడిలా నిలబడ్డాను. అప్పుడు మెకానిక్ ఫోను చేశాడు. "సార్, అమ్మకు తక్లీఫ్ ఎక్కువైంది. జల్ది రాండ్రి." వచ్చే దారిలో ఆ మొదటి బంకు ముందు ఆటో ఆపమనాలని కూడా తోచలేదు.

ఖాళీ డబ్బాతో వచ్చిన నన్ను చూడగానే ఆయన పక్కన పెట్టిన రంపం అందుకుని, ట్యాంకు ఒంపేసి, కార్బొరేటర్ విప్పి కడిగాడు. స్కూటర్లోంచి పైపుతో పెట్రోలు తీసి పోశాడు. మూడోసారి లాగితే అంటుకుంది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది. పావుగంటలో మనిషి పట్టేంత దారి పడింది. నేను పోయి వచ్చిన గంటన్నర సేపూ ఆ స్కూటర్ మా గేటుకు ఇరవై అడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

ఆమెను కుర్చీతో సహా ఎత్తి రోడ్డు దాకా మోశాం. ఆటోలో నా భుజానికి ఆనుకుని, మాట మాటకీ ఆగుతూ అడిగింది.

"దొరికిందా అండీ, మీ మంచి పెట్రోలు?"

"దొరికింది" అన్నాను.

"పోన్లెండి. అంత దూరం తిరిగారు పాపం" అంది.

నిజం చెప్పి కాళ్ళు పట్టుకోవాల్సింది. ఆస్పత్రికి చేరాక చెబుదాంలే అనుకున్నాను. చేరేసరికి వినడానికి ఆమె లేదు.