మా అత్తగారు, ఇరవై ఏడు రిమోట్లు

మా అత్తగారు పోయారన్న కబురు నాకు బాపట్ల బస్టాండులో అందింది. రెండు రోజుల సువార్త కూడికలు ముగించుకుని, బొంగురుపోయిన గొంతుతో తెనాలి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్లో మా ఆవిడ ఏడవలేదు. "అమ్మ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించిందండి. వచ్చి కుర్చీలో కూచుంది. అంతే," అంది. మళ్ళీ తనే, "మీరు కంగారుపడకండి, నెమ్మదిగా రండి," అంది. ఆ మాట వాళ్ళమ్మది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రుల్లో నర్సుగా చేసిన మనిషి. కంగారును కూడా ఆమె ఒక జబ్బుగానే చూసేవారు.

ఇది చదువుతున్న మీలో చాలామంది నన్ను ప్రసంగ వేదిక మీద చూసినవాళ్ళే. ఏడో తరగతితో బడి మానేసి, మోటార్లకు తీగ చుట్టుకుంటూ, పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని నాకు నేనుగా నేర్చుకున్నవాణ్ణి. చదివింది నాలో ఊరికే ఉండదు. ఎముకల్లో మూసిపెట్టిన నిప్పులా బయటికొస్తుంది. టీవీని తిడుతూ నేను ఉరిమిన ఉరుములు మీకు తెలుసు. ఆ నిప్పు ఒకసారి కాల్చకూడని చోట కాల్చింది. మంచం పట్టిన ఒక ముసలామెకు మిగిలిన ఒక్క తోడును దేవుని పేరు చెప్పి లాక్కున్నాను. దాన్ని తిరిగి ఇప్పించింది మా అత్తగారు. ఆ సంగతి ఆమె బతికుండగా ఏ వేదిక మీదా నేను చెప్పలేదు. చెప్పవలసింది.

మామగారు పోయాక రేపల్లెలో ఇల్లు ఖాళీ చేసి ఆమె మా ఇంటికి వచ్చిన రోజున ఆటోలోంచి ముందు టీవీ దిగింది, తర్వాత ఆమె దిగారు.

"అత్తయ్యా, మనింట్లో టీవీ పెట్టమండి," అన్నాను.

"తెలుసయ్యా. అందుకేగా తెచ్చుకున్నాను," అన్నారు.

ముందుగదిలో నేను పెట్టనివ్వలేదు. ఆమె గదిలోనే పెట్టుకున్నారు. సాయంత్రం ఆరున్నరకు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని దాని ముందు కూర్చునేవారు. వార్డులో రౌండ్సుకు వెళ్ళినట్టే ఉండేది ఆ తయారీ. తలుపు ఇవతల వాక్యం చదువుకుంటున్న నాకు ఆమె మాటలు వినపడుతూనే ఉండేవి.

"కోమాలో ఉన్న మనిషికి పెదాలకి రంగెవరు వేశారమ్మా? డ్యూటీ నర్సెవరసలు?"

"ఆ సెలైన్ సీసా అంత కిందికి కట్టావు, రక్తం వెనక్కి తన్నదూ?"

"మూడు వైపుల నుంచి చూపించావు, మూడుసార్లు ఉరిమావు. అమ్మాయి కాఫీ కప్పు కింద పెట్టింది, అంతేగా నాయనా జరిగింది."

మా ఆవిడ పగలబడి నవ్వేది. నేను గొంతు సవరించుకుని ఇంకో అధ్యాయంలోకి వెళ్ళేవాణ్ణి.

హాస్య కార్యక్రమాల దగ్గర మాత్రం ఆమె నవ్వించేవారు కాదు. లావుగా ఉన్న మనిషిని గేదె అనడం, నల్లగా ఉన్న పిల్లను బొగ్గు అనడం, మగాడికి చీర కట్టి చావగొట్టడం వచ్చినప్పుడల్లా శబ్దం తగ్గించేసేవారు. "వాళ్ళు వేసిన జోకుకి వాళ్ళే కిందపడి దొర్లుతున్నారు. ఇక మనకేం మిగులుద్ది?" అనేవారు. ఒకసారి మాత్రం మెల్లగా, "ఆ లావుపాటమ్మాయి కూడా నవ్వుతోంది చూడు. ఇంజక్షన్ చేసేటప్పుడు కొందరు పిల్లలు అలాగే నవ్వుతారు, ఏడిస్తే ఇంకో పోటు పొడుస్తారేమోనని," అన్నారు. నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఎన్నో చేశాను. ఎగతాళి అనే పాపం గురించి అంతకంటే గురిగా ఎవరూ చెప్పగా వినలేదు.

"ఇంత చెత్త అని మీరే అంటున్నారు కదా, మరెందుకండి చూడటం?" అని అడిగాను ఒకనాడు.

"జబ్బు మనిషని చెప్పి నర్సు వార్డు వదిలి పోద్దా అబ్బాయి? ఎక్కడో ఒకచోట నాడి దొరక్కపోద్దా అని చూస్తాను."

దొరికిన రోజు నన్ను పిలిచి మరీ చూపించేవారు. పనిమనిషి వేషం వేసిన ఒక పిల్ల, పేరు కూడా వెయ్యని పిల్ల, చెయ్యి చీరచెంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. "చూశావా? అది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆ పిల్ల నిజంగా అంట్లు తోమింది," అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఆ పిల్ల గురించే. చెత్తను చెత్త అనడానికి ఆమె నోరు ఎంత వేగమో, మంచి గింజ దొరికితే దాన్ని చేతిలో పెట్టుకుని చూసుకోవడానికి అంత తీరిక.

ఇక నా తప్పు. ఒక ఏడు, ఈస్టరు పండుగకు ముందొచ్చే శ్రమకాలంలో మొదటి ఆదివారం సీరియళ్ళ మీద ప్రసంగించాను. అత్త కోడలికి పాలలో విషం కలిపిన ఒక కథను ఉదాహరణగా తీసుకుని నిప్పులు కురిపించాను. వెనక బల్లల్లో ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటుంటే, వాక్యం బాగా తగిలిందనుకున్నాను. ఇంటికొచ్చాక అత్తగారు అన్నం వడ్డిస్తూ, "విషం కలిపింది అత్త కాదయ్యా, తోడికోడలు. అత్త పాపం ఆస్పత్రిలో ఉంది," అన్నారు. నేను దాన్ని ఒక్కసారైనా చూడలేదు. ఎవరో చెప్పగా విన్నాను. సంగతి వినకముందే బదులు చెప్పేవాడికి సిగ్గే మిగులుతుందని జ్ఞాని ఊరికే చెప్పలేదు. నాకు మాత్రం ఆ పూట సిగ్గు రాలేదు, పౌరుషం వచ్చింది.

మరుసటి ఆదివారం కానుకల సంచీల్లో పెద్దది ఒకటి పట్టుకుని నిలబడ్డాను. నలభై రోజుల ఉపవాసంలో సగం మంది మాంసం మానేస్తారు, కొందరు కాఫీ మానేస్తారు. ఈసారి ఇళ్ళలోని రిమోట్లు తెచ్చి దేవుని బల్ల ముందు పెట్టండి, పండుగ రోజున తీసుకువెళ్ళండి అన్నాను. ఇరవై ఏడు వచ్చాయి. అత్తగారు తనది అందరికంటే ముందు వేశారు. సంచీ తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే, "రిమోట్లు పట్టుకొచ్చావు, అందరి చేతుల్లో ఫోన్లు వదిలేశావు. ఏనుగులు పోయే దారి వదిలేసి చీమలు దూరే కంత పూడ్చినట్టుంది," అన్నారు. నేను తాళంచెవి జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రాలు మా వరండాలో స్త్రీల సమాజం వాళ్ళు చేరేవారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకుని మురిసిపోయాను. ప్రార్థన అయ్యేది, నిజమే. ఆ తర్వాత సీరియల్లో ఆ పూట ఏం జరుగుతూ ఉంటుందో అత్తగారు చూడకుండానే కథ కట్టి చెప్పేవారు. "ఇవాళ చిన్నకోడలు మెట్ల మీద ఉంటుంది. దిగదు. దిగితే కథ కదులుద్ది కదా." ఒక్కోరోజు తన సొంత కథ కలిపేవారు. ఆ చిన్నకోడలికి నర్సు ఉద్యోగం ఇప్పించి, బాపట్లలో అద్దె ఇంట్లో పెట్టి, రైల్లో రోజూ తిప్పేవారు. వినేవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు, అంతలోనే ముక్కు చీదేవారు.

మూడో వారంలో ఆమె వీధి చివరింటికి వెళ్ళి వచ్చారు. అక్కడ మేమంతా పెద్దమ్మ అని పిలిచే ముసలామె ఉంటుంది. పక్షవాతంతో కుడి పక్క పడిపోయి, మాట పోయి, అప్పటికి రెండేళ్ళు. కొడుకు బతికి లేడు. కోడలు పొద్దున తొమ్మిదింటికి తెనాలి బట్టల కొట్లో పనికి పోయి చీకటిపడ్డాక వస్తుంది. అంతకుముందు కొన్నాళ్ళు పెద్దమ్మను ఆమె కూతురు అమృతలూరు తీసుకెళ్ళింది. తిరిగి తెచ్చారని విని, వీపు పుండ్లు పడకుండా తిప్పి పడుకోబెట్టి వద్దామని అత్తగారు వెళ్ళారు. వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగారు.

"పెద్దమ్మ రిమోటు నీ దగ్గరుందా?"

"కోడలు తెచ్చి వేసిందండి. ఇష్టపూర్వకంగానే."

"ఎవరి ఇష్టం?"

నేను బీరువా వైపు చూశాను.

"దాన్ని ఇచ్చెయ్యి అబ్బాయి."

"ఒక్కరికిస్తే అందరూ అడుగుతారండి. సంఘం చేసిన తీర్మానం. పండుగ దాకా ఓర్చుకోమనండి."

"ఓర్చుకోమని నేను చెప్పను. నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పి ఊరికే వచ్చెయ్యకు. గంటసేపు ఆ గదిలో ఆమె పక్కన కూచునిరా."

వెళ్ళాను. చిన్న ప్రార్థన చేశాను. ఓర్పు గురించి ఒక మాట చెప్పాను. తర్వాత గది చూస్తూ కూర్చున్నాను. ఆ గదికి కిటికీ ఒకటే, అది మంచం తలవైపు ఉంది, ఆమెకు తల తిప్పి చూసే వీల్లేదు. ఎదురుగా గోడ. గోడకు టీవీ, నల్లగా. దాన్లో మంచం కనిపిస్తోంది, మంచం మీద ఆమె కనిపిస్తోంది, పక్కన నేను. పొద్దున తొమ్మిది నుంచి చీకటిపడేదాకా ఆమె చూస్తున్నది అదన్నమాట. ఆమె ఎడంచెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ తడుముతూనే ఉంది, అలవాటుగా. గంట కాలేదు. ఇరవై నిమిషాలకే లేచి వచ్చేశాను.

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఆమె వాక్యం ఎత్తి నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. "బీదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇమ్మని ధర్మశాస్త్రంలో లేదూ? అది తప్ప కప్పుకోడానికి వాడికింకేముందని దేవుడే అడిగాడు కదా. ఆమెకి పైబట్ట అదేనయ్యా. ఎన్ని పొద్దులు గుంకినయ్యో లెక్కెట్టుకో."

ప్రసంగాల్లో ఆ మాట నేను వందసార్లు వాడి ఉంటాను. వడ్డీ వ్యాపారుల మీద, కౌలు పిండే ఆసాముల మీద వాడాను. అది నా బీరువా తాళంచెవికి సరిపోతుందని ఎన్నడూ తోచలేదు.

బీరువా తీసి సంచీ మంచం మీద బోర్లించాను. ఇరవై ఏడూ నల్లవే. ఏది ఎవరిదో ఒక్కదాని మీదా నేను పేరు రాసిపెట్టలేదు. మోటార్ల షెడ్డులో చిన్న మరమేకుకు కూడా చీటీ కడతాను. మనుషుల ఇళ్ళలోంచి తెచ్చిన వాటికి కట్టలేదు. దేవునికి ఇచ్చేశారు కదా, ఇక పేరెందుకనుకున్నాను కాబోలు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి చూశారు, వాసన చూశారు. "ఇది చేపల కూర వండుకుంటా చూసేవాళ్ళది. ఇది కుక్కపిల్ల కొరికింది. ఇది చెవిటి మాస్టారుగారిది, సౌండు బటను గుంటపడిపోయింది." ఒకదాని దగ్గర ఆగారు. "ఇదిగో. నొప్పులకి రాసే నూనె వాసన. ఎడంచేత్తో పట్టేవాళ్ళ బొటనవేలు ఇటునుంచి పడుద్ది. ఈ వైపే అరిగింది చూడు."

పొద్దు వాలుతుండగా తీసుకువెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టాను. క్షమించమని అడిగాను. ఆమెకు మాట లేదు కదా, క్షమించిందో లేదో ఆ పూట తెలియలేదు.

ఆదివారం వేదిక మీద మాత్రం, "ఒక రోగి విషయంలో ప్రభువు నన్ను గద్దించాడు," అన్నాను. జనం ఆమెన్ అన్నారు. దీనుడినని మెచ్చుకున్నారు. ప్రభువు నన్ను గద్దించింది మూడో బల్లలో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్న మనిషి నోటితోనని చెప్పలేదు. ఆమె కూడా ఎన్నడూ ఎత్తలేదు. పండుగ రోజున మిగతావి ఎవరివి వాళ్ళకు పంచింది కూడా ఆమే. ఆ సాయంత్రం ఆడవాళ్ళంతా ఆత్రంగా సీరియల్ పెట్టుకున్నారు. చిన్నకోడలు మెట్ల మీదే ఉంది. "మీరు చెప్పిన కథే బాగుందండీ," అని ఒకావిడ మా గుమ్మంలో నిలబడి గొణిగి పోయింది.

అప్పటినుంచి అత్తగారి గది తలుపు దగ్గర నాకూ ఒక పీట పడింది. నేను మెత్తబడ్డానని కొందరన్నారు. లేదు. వినోదం పేరుతో విషం పోసేవాళ్ళ మీద ఇప్పటికీ గొంతెత్తుతాను. కాకపోతే చూసి చెబుతాను, పాత్ర పేరుతో సహా చెబుతాను, బాగున్నది బాగుందంటాను. చూడనిదాని గురించి నోరు తెరవబోతే తలుపు అవతలినుంచి "డ్యూటీలో ఎవరున్నారు?" అని ఆమె అడిగినట్టుంటుంది.

ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చి, ఆమె పాదాల దగ్గర కాసేపు కూర్చున్నాను. జనం వస్తున్నారు. మా ఆవిడ నా భుజం తట్టి, "పెద్దమ్మకి ఇంకా ఎవరూ చెప్పలేదండి. మీరే వెళ్ళాలి," అంది.

వెళ్ళేసరికి టీవీలో మధ్యాహ్నం సీరియల్ నడుస్తోంది. పక్కన కుర్చీలో కూర్చుని, మా అత్తగారు పొద్దున పోయారని చెప్పాను. ఈ సంఘంలో ఇంకెవరికీ చెప్పని మిగతా సంగతి కూడా చెప్పాను, రిమోటు తిరిగిచ్చిన రోజు నన్ను పంపింది ఎవరో. పెద్దమ్మ నన్నే చూస్తూ విన్నది. ఎడంచేత్తో దుప్పటి మీద వెతికి రిమోటు అందుకుని, టీవీ ఆపలేదు, శబ్దం తీసేసింది.

తెరమీద ఎవరో పోయినట్టున్నారు. ఒకమ్మాయి ఒంటినిండా నగలతో గుండెలు బాదుకుంటోంది, నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా. చెంపలమీద ధారగా నీళ్ళు. కళ్ళకింద కాటుక మాత్రం చెక్కుచెదరలేదు. నేను అది చూసి పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె కూడా అదే చూసి నావైపు తిరిగింది. ఆమె మొహం ఒక పక్కే నవ్వగలదు. ఆ పక్క నవ్వింది. కళ్ళు రెండూ కారుతున్నాయి.